చక్కెర మానేశాను, మరి మామిడిపండు?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు, ఉండేది విజయవాడ పటమటలో. ఈమధ్య రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (రక్తంలో షుగర్ మూడు నెలల సగటు చెప్పే పరీక్ష) 5.9 వచ్చింది. షుగర్ జబ్బుకి బోర్డర్‌లో ఉన్నారు, తీపి తగ్గించండి అన్నారు డాక్టరుగారు. కాఫీలో పంచదార మానేశాను, స్వీట్లు మానేశాను, వాటి బదులు పొద్దున్నే ఒక పెద్ద గ్లాసు బత్తాయి జ్యూస్ పంచదార వేయకుండా తాగుతున్నాను. మా ఆడపడుచేమో పండులో ఉండేదీ చక్కెరే కదా, పండ్లు కూడా ఆపెయ్ వదినా అంటోంది. మొన్న ఇంట్లోకి రసాల మామిడిపండ్ల బుట్ట వచ్చింది, ఒక్కటి ముట్టుకోవాలన్నా టెన్షన్‌గా ఉంది. పండ్లలో చక్కెరా లెక్కలోకి వస్తుందా?

జవాబు: మామిడిపండు తినండి, ఆ జ్యూస్ ఆపండి. ఆపాల్సింది ఉంచుకుని, ఉంచుకోవాల్సినదానికి భయపడుతున్నారు.

మీ ఆడపడుచు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. పండులో ఉండేవి సుక్రోజు, గ్లూకోజు, ఫ్రక్టోజు, మన వంటింటి డబ్బాలో ఉన్న పంచదార కూడా సుక్రోజే. కానీ పండులో ఆ తీపి పీచుతో, నీళ్లతో కలిసి కండలో ఇమిడి ఉంటుంది, దాన్ని నమలాలి, అది అరగాలి, నెమ్మదిగా రక్తంలోకి దిగాలి, ఈలోగా కడుపు నిండిపోతుంది. అదే పిండి వడగడితే పీచంతా పిప్పిలో పోతుంది, మూడు నాలుగు బత్తాయిల తీపి రెండు నిమిషాల్లో గొంతు దిగుతుంది. ఒలుచుకుని తినమంటే ఒకటి, మహా అయితే రెండు తింటారు మీరు.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర మీద ఇచ్చిన సూచనల్లో, తగ్గించాల్సిన వాటిలో పంచదారతోపాటు తేనెనీ పండ్లరసాన్నీ కూడా చేర్చింది, పండుగా తినే పండుని చేర్చలేదు. వీలైతే రోజుకి 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు దాటకుండా ఉంటే ఇంకా మంచిదంది. ఒక పెద్ద గ్లాసు కమలాపండ్ల జ్యూస్‌లోనే పంచదార వేయకపోయినా దాదాపు 20 గ్రాములుంటుంది. మీ బత్తాయి జ్యూస్ కూడా ఆ దారిదే. ఇక ఎండలో బందరు రోడ్డు మీద ఆగి తాగే చెరుకు రసం సంగతి చెప్పక్కర్లేదు, పంచదార తయారయ్యేదే అందులోంచి.

ఇప్పుడు మీ రసాల బుట్ట దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన వైపు అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. రసం మామిడిని పిసికి పీల్చుకుని తిన్నా గుజ్జూ పీచూ చాలావరకు లోపలికే వెళ్తాయి, దాన్ని జ్యూస్ కింద కట్టనక్కర్లేదు. కానీ చిన్న రసాలు ఒకదాంతో ఆగవు, కబుర్లలో పడితే నాలుగు టెంకలు పళ్లెంలో చేరతాయి. మామిడి గుజ్జు వంద గ్రాములకి చక్కెర సుమారు 14 గ్రాములు, జామలో 9, పుచ్చకాయలో 6. ఇంకొకటి, మనం మామిడిపండుని పెరుగన్నంలో నంజుకుంటాం. అప్పటికే పప్పన్నం, కూరన్నం అయి ఉంటాయి, ఆపైన మళ్లీ పెరుగన్నం, దాంట్లో పండు, ఇంత పిండిపదార్థం ఒక్కసారే పడితే రక్తంలో షుగర్ పెరగదా? నేరం పండు మీదకి తోస్తాం, అన్నం సంగతి ఎవరూ మాట్లాడరు. అందుకని భోజనంతో వద్దు, సాయంత్రం నాలుగింటికి బిస్కెట్లు తినే వేళకి ఒక్క చిన్న రసం తినండి, మనసారా తినండి. మిగతా రోజుల్లో జామకాయ మీకు చాలా మంచిది, గింజలతో సహా తినేయండి. ఖర్జూరం, ఎండుద్రాక్ష పండ్లే కదా అని గుప్పెళ్లతో తినకండి, నీరు పోయి తీపంతా దగ్గరపడి ఉంటుంది. బెల్లం కాఫీకి మారదామన్న ఆలోచన ఉంటే అదీ వద్దు, బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే.

మీ ఆడపడుచుగారికి షుగర్ ఉండి మాత్రలో ఇన్సులినో వాడుతుంటే ఆమె లెక్క వేరు. పండు తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసుకుని, ఎంత తినొచ్చో వాళ్ల డాక్టరుతో మాట్లాడుకోవాలి. మీరు మాత్రం ఈ మార్పులు చేశాక మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేయించుకోండి. హెచ్‌బీఏ1సీ చూపించేది సుమారు మూడు నెలల సగటు కాబట్టి పది రోజులకే పరిగెత్తితే ఏమీ తేలదు.