షట్‌డౌన్ పాపం ఎవరిదని అడగబోతున్న సంధ్యకు

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి సంధ్యకు పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు సొంతంగా ఛానల్ పెడుతున్నావనీ, మొదటి కార్యక్రమానికి అమెరికా షట్‌డౌన్‌ను, అంటే నిధులు ఆగి అక్కడి ప్రభుత్వ ఆఫీసులు మూతపడడాన్ని, ఎంచుకున్నావనీ మీ నాన్న రాత్రి ఫోనులో చెప్పాడు. "ఈ పాపం ఎవరిది?" అని పేరు కూడా ఖాయం చేశావట. మన ఇంట్లో బడ్జెట్ పద్దులు కూర్చుని చదివే మనిషి నా తరువాత ఇంకొకరు తయారయ్యారని చాలా గర్వపడ్డాను. ఆ పేరు గుర్తొచ్చి తెల్లవారుజామున మెలకువ వచ్చేసింది. ఫోనులో చెబితే మధ్యలోనే "సరే పెద్దనాన్నా" అంటావు, అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు ముగించేస్తాను. గొంతు స్పష్టంగా వినిపించే మైకు కొనుక్కో. పన్నెండు నిమిషాలు దాటనివ్వకు. బిలియన్లను కోట్లలోకి మార్చేటప్పుడు రెండుసార్లు సరిచూసుకో. అంతే.

ఇక నా భయం సంగతి. 1995 నవంబరులో అమెరికాలో షట్‌డౌన్ వచ్చినప్పుడు నేను అంతర్జాతీయ వార్తల డెస్క్‌లో ఉన్నాను. నా పక్క కుర్చీలో ఒక మిత్రుడు కూర్చునేవాడు. పేరు రాయను, ఆయన పిల్లలు నీకు తెలుసు. మా అందరిలోకీ చక్కని వాక్యం ఆయనదే. అధ్యక్షుడు క్లింటన్ డెమోక్రాట్, అక్కడి చట్టసభ అయిన కాంగ్రెస్‌లోని ఉభయ సభలూ ఎదుటి పార్టీ రిపబ్లికన్ల చేతిలో ఉన్నాయి. ప్రతినిధుల సభ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ ఒక ఉదయం విలేకరులతో ఒక మాట అన్నాడు. ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ అంత్యక్రియలకు అధ్యక్షుడి విమానంలో వెళ్ళివస్తున్నప్పుడు క్లింటన్ తనతో మాట్లాడలేదని, దిగేటప్పుడు వెనక తలుపు గుండా దించారని, తాము మరింత కఠినమైన బిల్లు పంపడానికి అదీ ఒక కారణమేనని. మరునాడు న్యూయార్క్ పత్రిక ఒకటి ఆయనను ఏడుస్తున్న పసిపిల్లవాడిగా బొమ్మ వేసి అచ్చేసింది.

మా మిత్రుడికి ఆ మాట దొరకగానే చెయ్యి ఆగలేదు. వెనక తలుపు చూపించినందుకు ఒక మహాదేశం తలుపులు మూసుకుందని గొప్ప వ్యాసం రాశాడు. ఆఫీసంతా చదువుకుని చప్పట్లు కొట్టింది. పాఠకుల ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో ఒక పోస్టుకార్డు ఉంది, ఎవరో రిటైరైన అకౌంట్స్ ఉద్యోగి రాసినది. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: క్లింటన్ వీటో చేసిన బిల్లులో ఏముంది?

నా మిత్రుడికి తెలియదు. చూడలేదు. ఆ తాత్కాలిక నిధుల బిల్లులో వృద్ధుల వైద్య బీమా, అంటే మెడికేర్ ప్రీమియాన్ని పెంచే నిబంధన ఉంది. దాని వెనక ఏడేళ్ళలో లోటు లేని బడ్జెట్ తేవాలన్న పెద్ద పట్టుదల ఉంది. ఒకరు ఖర్చు తగ్గిస్తామని గెలిచి వచ్చినవాళ్ళు, ఇంకొకరు వృద్ధుల మీద భారం వేయనివ్వనని పట్టుబట్టినవాళ్ళు. అది నిజమైన తగాదా. ఇద్దరి వైపునా తమ మాట నమ్మి ఓటేసిన జనం ఉన్నారు. ఆ తగాదా మొత్తాన్నీ ఒక విమానం తలుపు మింగేసింది.

మా మిత్రుడు అబద్ధం రాయలేదమ్మా. గింగ్రిచ్ ఆ మాట అన్నాడు. ఆ చిన్న నిజాన్ని తెచ్చి పెద్ద నిజం కూర్చోవలసిన చోట కూర్చోబెట్టాడు. ఇంకో వ్యాసం రాయమని, ఆ పోస్టుకార్డుకు జవాబు అచ్చులోనే ఇవ్వమని బతిమాలాను. వినలేదు. డిసెంబరు 16న రెండో షట్‌డౌన్ మొదలై 21 రోజులు సాగితే, మొదటి వ్యాసాన్ని నిలబెట్టుకోవడానికే రెండోది రాశాడు. తరువాత రెండోదాన్ని నిలబెట్టడానికి మూడోది. కొన్నాళ్ళకు శీర్షిక చూడగానే లోపల ఏముంటుందో పాఠకుడికి తెలిసిపోయేది. ఆ అకౌంట్స్ ఆయన మళ్ళీ పోస్టుకార్డు రాయలేదు. అంత మంచి కలం ఒక పక్షానికి పొగడ్తలు రాయడంలో అరిగిపోయింది. నా కళ్ళముందే జరిగింది కాబట్టి నీ విషయంలో నాకు ఇంత ఆత్రం. మొదటిరోజే తీర్పు చెప్పినవాళ్ళు మిగతా రోజులన్నీ ఆ తీర్పుకు వకాలతు పుచ్చుకోవలసి వస్తుంది. నీకు ఇంకా ముప్పై ఏళ్ళు రాలేదు తల్లీ, ముందు చాలా రోజులున్నాయి.

కాబట్టి ముందు నిబంధనలు చదువు. అమెరికాలో ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. ఆ లోపు 12 నిధుల బిల్లులు ఆమోదం పొందాలి. 1996 తరువాత అన్నీ గడువులోగా ఆమోదం పొందిన సంవత్సరం ఒక్కటీ లేదు. తాత్కాలిక బిల్లులతో నెట్టుకొస్తారు, అదీ కుదరకపోతే ఆఫీసులు మూస్తారు. ఇది మొదటినుంచీ ఉన్న ఆచారమూ కాదు. చట్టసభ అనుమతి లేనిదే ఖర్చు పెట్టకూడదన్న చట్టం పందొమ్మిదో శతాబ్దం నాటిది. కానీ నిధులు ఆగితే పనీ ఆగాల్సిందేనని 1980లో అక్కడి న్యాయశాఖ అధిపతి, అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి అభిప్రాయం ఇచ్చేదాకా, గడువు దాటినా ఆఫీసులు చాలావరకు నడుస్తూనే ఉండేవి.

"మన దగ్గర ఇలా ఎందుకు జరగదు?" అని నీ ప్రేక్షకులు అడుగుతారు. దీనికి మాత్రం తీరిగ్గా జవాబు చెప్పు. లోక్‌సభలో పద్దులు వీగిపోతే ప్రభుత్వమే దిగిపోవాలి. కొత్త సంవత్సరానికి బడ్జెట్ అందకపోతే కొన్నాళ్ళ ఖర్చుకు ముందుగా అనుమతి ఇచ్చే ఓటాన్ అకౌంట్ రాజ్యాంగం 116వ అధికరణం కింద ఉంది. ద్రవ్య బిల్లును రాజ్యసభ 14 రోజులకు మించి ఆపలేదు. అమెరికాలో బడ్జెట్ ఆగినా అధ్యక్షుడు దిగడు, సభ రద్దుకాదు. ఎవరి కుర్చీకీ ముప్పు లేదు కాబట్టి నింద ఎదుటివాడి గుమ్మంలో పడేయడమే అక్కడ అసలు రాజకీయం అవుతుంది.

మన దగ్గరంతా సవ్యంగా ఉందని గొప్పలు మాత్రం పోకు. 2018 మార్చిలో మన తెలుగు పార్టీల సభ్యులు ప్రత్యేక హోదా కోసం, రిజర్వేషన్ల కోసం నినాదాలు చేస్తుండగానే, ఆ గొడవలోనే, కేంద్రం పద్దులూ ఆర్థిక బిల్లూ చర్చ లేకుండా లోక్‌సభ దాటాయి. 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి, ఖర్చుకు అనుమతినిచ్చే ద్రవ్య వినిమయ బిల్లును ఆమోదించకుండానే నిరవధికంగా వాయిదా పడింది. బడ్జెట్ ముందు తీసుకోవాలని తెలుగుదేశం, రాజధానుల బిల్లులు ముందు రావాలని అధికార పక్షం. జులై ఒకటిన అందాల్సిన జీతాలు, పింఛన్లు ఆలస్యమయ్యాయి. జీతాలు ఆపింది మీరంటే మీరని రెండు పక్షాలూ తిట్టుకున్నాయి. వాషింగ్టన్ సంగతి మనవాళ్ళకు అర్థం కావాలంటే అక్కడినుంచే మొదలుపెట్టు.

2025 షట్‌డౌన్ సంగతిలో జాగ్రత్తగా అడుగు వెయ్యి. అధ్యక్షుడూ ఉభయ సభలూ రిపబ్లికన్లవే అయినప్పుడు తప్పు వాళ్ళదేనని ఒక పక్షం అంటుంది. ఎగువ సభ సెనేట్‌లో బిల్లు ముందుకు కదలడానికి 60 ఓట్లు కావాలి, వాళ్ళకున్నవి 53, ఓటు వెయ్యనిది డెమోక్రాట్లని రెండో పక్షం అంటుంది. రెండూ నిజమే. ఆ ఏడాది చివరితో ముగిసిపోయే ఆరోగ్య బీమా రాయితీలను పొడిగించాలని డెమోక్రాట్లు పట్టుబట్టారు. ముందు ఆఫీసులు తెరిస్తే ఆ తరువాత మాట్లాడదామని రిపబ్లికన్లు అన్నారు. 60 ఓట్ల నియమం సెనేట్ తనకు తాను పెట్టుకున్నదే. దాన్ని తీసేయమని ట్రంప్ అడిగినా సొంత పార్టీ సెనేటర్లు ఒప్పుకోలేదు. అంటే ఆ 43 రోజుల షట్‌డౌన్‌ను ముగించే దారి ఇద్దరి దగ్గరా ఉంది, ఇద్దరికీ దాని వెల ఉంది. ఎవరి దారికి ఎంత వెలో చెప్పు. చివరకు డెమోక్రాట్ల వైపు నుంచి ఎనిమిది మంది రిపబ్లికన్లతో కలిసి ఓటేశారు, ఓట్లు 60–40. వాళ్ళకు దక్కింది రాయితీలు కాదు, వాటిమీద డిసెంబరులో ఓటింగ్ పెడతామన్న మాట.

ఒక పరీక్ష నేర్పుతాను. నువ్వు రాసిన ప్రతి నింద వాక్యాన్నీ తీసుకెళ్ళి 2013లో పెట్టి చూడు. అప్పుడు ఒబామా ఆరోగ్య చట్టాన్ని ఆపడానికి నిధుల బిల్లును అడ్డుపెట్టింది ప్రతినిధుల సభలోని రిపబ్లికన్లు. ముందు తెరవండి, తరువాత మాట్లాడదాం అన్నది డెమోక్రాట్లు. పన్నెండేళ్ళలో మాటలు అవే ఉన్నాయి, నోళ్ళు మారాయి. "నిధుల బిల్లుకు వేరే షరతు తగిలించడం తప్పు" అని నీ నమ్మకమైతే, అది 2013లోనూ 2025లోనూ తప్పే కావాలి. సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్లు ఇస్తే తప్ప సంతకం పెట్టనని ట్రంప్ అన్న 2018లోనూ తప్పే. ఒక్క ఏడాదికే సరిపోయే వాక్యాన్ని కొట్టెయ్యి.

అలాగని ఇరుపక్షాలదీ తప్పే అని చేతులు దులుపుకోవద్దు. అది పిరికితనం, నా దగ్గర పెరిగిన పిల్ల చేసే పని కాదు. 2018 డిసెంబరులో సరిహద్దు భద్రత కోసం ప్రభుత్వాన్ని మూయడానికి గర్వపడతానని, ఆ బాధ్యత తనదేనని ట్రంప్ కెమెరాల ముందే అన్నాడు. దాన్ని అలాగే చెప్పాలి. పేరు పెట్టాల్సిన చోట పేరు పెట్టు, దాని పక్కనే ఏ బిల్లు, ఏ నిబంధన, ఎన్ని ఓట్లు అన్నదీ ఉంచు.

నీ కార్యక్రమం చూసేది ఎవరో కూడా తలచుకో. మన హైదరాబాద్‌లో అమెరికాలో బిడ్డ లేని వీధి ఉందా? వాళ్ళ మొదటి ప్రశ్న వీసా ఆగుతుందా అనే. దరఖాస్తు రుసుములతో నడిచే విభాగాలు సాగుతాయి, కానీ హెచ్1బీకి ముందు కావలసిన కార్మిక శాఖ ధ్రువీకరణ 2013లో ఆగింది, 2025లోనూ ఆగింది. 2018–19లో ఆగలేదు, ఎందుకంటే ఆ శాఖ నిధుల బిల్లు అంతకుముందే చట్టమైంది. ఈ ఒక్క తేడా వివరిస్తే పన్నెండు బిల్లుల కథ వాళ్ళకు సులువుగా ఎక్కుతుంది.

మీ అన్నయ్యను మాత్రం మరిచిపోకు. వర్జీనియాలో ప్రభుత్వ ఆఫీసుకు కాంట్రాక్టు కంపెనీ తరఫున పనిచేసేవాడు కదా. 2018 డిసెంబరులో మొదలైన ఆ 35 రోజుల షట్‌డౌన్ సాగుతుండగానే, 2019 జనవరిలో ప్రభుత్వ ఉద్యోగులకు ఆగిన జీతం ఇచ్చేలా చట్టం చేశారు. కాంట్రాక్టు వాళ్ళకు ఆ భరోసా లేదు. వాడికి పోయిన జీతం పోయినట్టే. పసిబిడ్డ ఇంట్లో ఉండగా అద్దె ఎలా కట్టాడో వాడు మాకు చెప్పలేదు, మీ వదిన తరువాత చెప్పింది. 2025లో ఆహార సాయం మీద బతికే 4.2 కోట్ల మందికి నవంబరు నెల సాయం అందుతుందో లేదో తెలియకుండా పోయింది. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్నదానికి నువ్వు రెండు నిమిషాలిస్తే, వీళ్ళకు మూడు నిమిషాలివ్వు.

డాలస్‌లో మీ అత్తయ్య ఒక పార్టీ, న్యూజెర్సీలో మీ బాబాయి ఇంకో పార్టీ. కుటుంబ వాట్సాప్‌లో ఆ ఇద్దరూ మాట్లాడుకోక ఏడాది దాటింది. నీ కార్యక్రమం ఇద్దరూ చూస్తారు, ఇద్దరూ కోప్పడతారు. కోప్పడనీ. నువ్వు చెప్పిన ఓటు లెక్క తప్పని మాత్రం ఏ ఒక్కరూ అనకూడదు. ఎవరైనా ఆ పోస్టుకార్డు ఆయనలా అసలు ప్రశ్న అడిగితే, మరుసటి కార్యక్రమం దానితోనే మొదలుపెట్టు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. మీ పెద్దమ్మ నీకోసం గోంగూర పచ్చడి నూరుతానంది. రాసిన ప్రతిని కాగితం మీద, వరుసల మధ్య చోటు వదిలి తీసుకురా, సెల్‌ఫోనులో చూపిస్తే నాకు కళ్ళు ఆనవు. సెనేట్ ఓట్ల జాబితా కూడా పట్టుకురా, ఆ ఎనిమిది మంది పేర్లూ ఇద్దరం కలిసి చూద్దాం. కార్యక్రమం పేరు సంగతి అప్పుడు తేలుద్దాం. నాకు ఇంకా నచ్చలేదు.

ఇట్లు,
మీ పెద్దనాన్న