టెక్సాస్‌లో పాత బోటు కొంటే ట్యాక్స్ ఎంత, ఎక్కడ కట్టాలి?

మీరు డల్లాస్ దగ్గర ఉంటూ పాత పాంటూన్ బోటు (గొట్టాల్లాంటి తేలే దిమ్మల మీద చదునైన డెక్ ఉండేది) కోసం చూస్తున్నారు. ప్రైవేట్ పార్టీ దగ్గర కొంటే ట్యాక్స్ ఉండదని ఒకరు, ఒరెగాన్ లాంటి సేల్స్ ట్యాక్స్ లేని రాష్ట్రంలో కొని తెచ్చుకుంటే సరిపోతుందని ఇంకొకరు అన్నారు, నిజమేనా అని అడిగారు. రెండూ నిజం కాదండీ. నేను కొనేటప్పుడు నాకూ ఇవే చెప్పారు. చెప్పినవాళ్లలో ఒక్కరికీ బోటు లేదు.

టెక్సాస్‌లో బోటుకి, బోటు మోటారుకి రాష్ట్ర పన్ను ఆరుంపావు శాతం. డీలర్ దగ్గర కొన్నా, పక్కింటాయన దగ్గర కొన్నా అంతే. డీలరైతే బిల్లులోనే వసూలు చేస్తాడు. ప్రైవేట్ పార్టీ అయితే పేరు మార్పించుకునేటప్పుడు మనమే రాష్ట్ర ప్రభుత్వ శాఖ అయిన పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ ఆఫీసులో కట్టాలి. కొన్నరోజు నుంచి 45 పనిదినాలు గడువు. దీని మీద సిటీ వాటా పడదు. లైఫ్ జాకెట్ మీద షాపులో ఎనిమిదింపావు కట్టిన మనం, బోటు మీద మాత్రం ఆరుంపావుతో బయటపడతాం.

ఇక బయటి రాష్ట్రం సంగతి. ఎక్కడ కొన్నారన్నది కాదు, తెచ్చి ఎక్కడ వాడుతున్నారన్నది చూస్తారు. ఇక్కడి లేక్‌లో దింపితే అదే ఆరుంపావు యూజ్ ట్యాక్స్ పేరుతో పడుతుంది. అక్కడ కట్టిన పన్ను ఉంటే తగ్గిస్తారు. నార్త్ కరోలినాలో బోటు పన్ను 3 శాతం. 20,000 డాలర్ల బోటుకి అక్కడ 600 కట్టిన రసీదు ఉంటే, ఇక్కడి 1,250లో అది పోను 650 కడితే చాలు. ఒరెగాన్‌లో ఏమీ కట్టరు కాబట్టి మొత్తం ఇక్కడే కట్టాలి, దానికితోడు బోటు అంత దూరం నుంచి లాక్కొచ్చే ఖర్చొకటి. వేరే రాష్ట్రంలో సొంత పేరు మీద రిజిస్టరైన బోటుతో టెక్సాస్‌కి కాపురం మార్చినవాళ్లకి మాత్రం 15 డాలర్లే. అది మనకి వర్తించదు.

నా బోటు టెక్సోమా లేక్ వైపు ఒకాయన దగ్గర కొన్నాను. బోటు, మోటారు కలిపి 18,000, ట్రైలర్ 2,000. బేరం అయ్యాక ఆయన పెన్ను తీసి, "కాగితం మీద ఎంత రాయమంటావు?" అన్నాడు. ఊళ్లో స్థలం రిజిస్ట్రేషన్ గుర్తొచ్చింది నాకు. నేను ఆలోచిస్తుంటే మా ఆవిడే "ఇచ్చిందే రాయమనండి, చెక్కు మీద అంకె ఉంది కదా" అంది. ఆ మాటతో పన్ను 1,125 అయింది. ట్రైలర్‌కి 125 వేరే.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. పాంటూన్‌కి ఉండేది ఔట్‌బోర్డ్ మోటారు, అంటే బోటు వెనక బయట తగిలించేది. దానికి టెక్సాస్‌లో విడిగా టైటిల్, అంటే యాజమాన్య పత్రం ఉంటుంది. బోటు టైటిల్ అమ్మినాయన పేరు మీదే ఉంది, మోటారుది మాత్రం ఆయనకి అమ్మిన పాత ఓనరు పేరు మీదే ఉండిపోయింది. నాకు అమ్మినాయన మార్పించుకోలేదు. పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ కౌంటర్‌లో ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, మోటారు సీరియల్ నంబర్ మీద వేలు పెట్టి, "ఈయన ఎవరు?" అంది. నేను ఏం చెప్తాను? ఆ పాత ఓనరుని వెతికి సంతకం తెచ్చేసరికి మూడు వారాలు పోయాయి.

ఆ గొడవలో ట్రైలర్ సంగతి మర్చిపోయాను. ట్రైలర్ బోటు కింద రాదు, మోటారు వాహనాల కింద వస్తుంది. కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో కట్టాలి, గడువు 30 రోజులే. నేను బోటు గడువే దానికీ అనుకుని కూర్చున్నాను, పెనాల్టీ పడింది. పెద్ద మొత్తమేమీ కాదు గానీ ఇంట్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. అందుకే బిల్లులో బోటుకి, మోటారుకి, ట్రైలర్‌కి ధర విడివిడిగా రాయించుకోండి.

ఫెడరల్ ట్యాక్స్ ఫైలింగ్‌లో మీరు ఐటమైజ్ చేసేవాళ్లైతే (స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా ఖర్చులు విడివిడిగా చూపిస్తే) రసీదులు పారేయకండి. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కాబట్టి సేల్స్ ట్యాక్స్ డిడక్షన్ తీసుకుంటాం కదా, బోటు మీద కట్టింది, ఆదాయాన్ని బట్టి ఐఆర్ఎస్ ఇచ్చే సేల్స్ ట్యాక్స్ టేబుల్ అంకెకి అదనంగా కలుపుకోవచ్చు.

మీరు చూస్తున్న బోటు ఓనరుకి ఈరోజే మెసేజ్ పెట్టి మోటారు టైటిల్ ఫొటో పంపమనండి. బోటుది అడగక్కర్లేదు, అది ఎలాగూ వాళ్లే చూపిస్తారు.