టన్నేజీ తక్కువని సంతకం పెట్టేయకు

ఒరేయ్ చిన్నా,

ఒంగోలులో నువ్వు కట్టబోయే కార్ల షోరూం, వర్క్‌షాప్ స్టీలు బిల్డింగ్‌కి వాట్సాప్‌లో పంపిన మూడు కొటేషన్లూ చూశాను. ఒకడు మిగతా ఇద్దరికంటే బాగా తక్కువ టన్నేజీ, అంటే తక్కువ స్టీలు బరువు చూపించాడు కాబట్టి బావగారు వాడికే అడ్వాన్సు ఇచ్చేద్దాం అంటున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. ఒక్క వారం ఆగమను. ఇది చదివాక కూడా వాడే నచ్చితే వాడికే ఇచ్చుకోండి, నేనేం అడ్డు చెప్పను.

పీఈబీ, అదే ప్రీ ఇంజనీర్డ్ బిల్డింగ్ సంగతి నీకు తెలిసిందే, ఫ్యాక్టరీలో ప్లేట్లు కోసి వెల్డింగ్ చేసి కాలమ్‌లూ, కప్పుని మోసే రాఫ్టర్లూ చేసుకొచ్చి సైట్లో బోల్టులు బిగిస్తారు. ఎక్కడ ఎంత బలం కావాలో అక్కడ అంతే మందం వేస్తారు, అందుకే చవగ్గా వస్తుంది. కానీ ఎంత బలం కావాలి అన్నది ఎవడు చెప్పాలి? నువ్వు చెప్పకపోతే కొటేషన్ ఇచ్చేవాడే అనుకుంటాడు, అనుకునేటప్పుడు తనకి గిట్టుబాటయ్యేట్టే అనుకుంటాడు. ముగ్గురికీ ఒకే కాగితం మీద లోడ్లన్నీ, అంటే బిల్డింగ్ తట్టుకోవాల్సిన బరువులూ గాలి ఒత్తిళ్ళూ రాసిచ్చి మళ్ళీ కొటేషన్ అడుగు, తేడా ఎంత మిగుల్తుందో అప్పుడు చూద్దాం.

ముందు గాలి. గాలి లోడ్లకి మన దేశపు కోడు ఐఎస్ 875 మూడో భాగం, 2015లో మార్చారు, అందులో విజయవాడకీ నెల్లూరుకీ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు అని ఉంటుంది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మన ఒంగోలు ఆ రెండిటి మధ్యే. హైదరాబాద్‌కి 44, కర్నూలుకి 39. 44కీ 50కీ పెద్ద తేడా ఏముందిలే అనుకోకు, ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది, దగ్గర దగ్గర 30 శాతం ఎక్కువ. హైదరాబాద్‌లో కట్టిన షోరూం డ్రాయింగ్‌నే కాస్త అటూ ఇటూ మార్చి ఇచ్చేవాళ్ళు ఉంటారు జాగ్రత్త. ఇంకోటి, తీరానికి 60 కిలోమీటర్ల లోపు తుఫాను కోసమని ఒక ఫ్యాక్టర్ ఉంది, ఇండస్ట్రీ షెడ్లయితే వేగాన్ని 1.15తో హెచ్చించాలి. మామూలు బిల్డింగులకి 1 చాలంటుంది కోడు. నీది షోరూం ప్లస్ వర్క్‌షాప్, నన్నడిగితే మొత్తానికీ 1.15 వేయించు. 2014లో హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక విశాఖలో రేకుల షెడ్లు ఎలా అయ్యాయో చూసినవాళ్ళు ఎవరూ ఈ మాట కాదనరు.

అసలు కిటుకు లోపలి గాలి దగ్గరుందిరా. గోడల వైశాల్యంలో ఓపెనింగులు 5 శాతం లోపుంటే లోపలి ఒత్తిడి గుణకం 0.2, 5 నుంచి 20 శాతం మధ్య అయితే 0.5, 20 దాటితే 0.7. నీ వర్క్‌షాప్‌కి రోడ్డు వైపు ఎన్ని షట్టర్లు? పొద్దున్నించి రాత్రి దాకా తెరిచే ఉంటాయి. గాలి అటునుంచి దూరి లోపలినుంచి కప్పుని పైకి నెడుతుంది, అదే టైములో పైన వీచే గాలి రేకుని పైకి లాగుతుంది, రెండూ కలుస్తాయి. షెడ్డు మూసే ఉంటుందని 0.2 వేసుకున్నవాడికి స్టీలు తక్కువే వస్తుంది, రాదా మరి. తుఫాన్లో ముందు అద్దం పగిలినా ఇదే లెక్క. నీ తక్కువ కొటేషన్‌లో ఈ నంబరు ఎంత వేశాడో మెయిల్‌లో రాతపూర్వకంగా అడుగు, ఫోన్‌లో అడిగితే అన్నీ చూసుకున్నాం సార్ అంటాడు.

కప్పు మూలలూ అంచులూ ఇంకా ఎక్కువ లాగుడు పడే చోట్లు. అక్కడ పర్లిన్లు, అంటే కప్పు రేకుల్ని మోసే అడ్డ స్టీలు బద్దెలు, దగ్గర దగ్గరగా పడాలి, స్క్రూలు ఎక్కువ పడాలి. ముందుకి పొడుచుకొచ్చే కప్పు, అదే కానోపీకి కింద నుంచి కూడా నెట్టుడు ఉంటుంది, దాన్ని బోర్డు తగిలించే ఫ్రేములాగా తేలిగ్గా చూస్తారు అందరూ.

అద్దం గురించి. షెడ్డుకి రేకు గోడే అయితే కాలమ్ పైభాగం ఎత్తులో 150వ వంతు దాకా పక్కకి ఊగినా స్టీలు కట్టడాల కోడు ఐఎస్ 800 ఊరుకుంటుంది, పగిలే గోడలకి 240వ వంతే. నీ కాలమ్ 7.2 మీటర్లు అనుకో, 48 మిల్లీమీటర్లు ఎక్కడ 30 ఎక్కడ! షోరూం ముందు అద్దానికి 30 కూడా ఎక్కువేనంటాడు అద్దాలు బిగించే గ్లేజింగ్ వాడు, వాడినీ పీఈబీ వాడినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టు, విడివిడిగా మాట్లాడితే తర్వాత ఒకడి మీద ఒకడు చెప్తారు. అలాగే బ్రేసింగ్, అంటే ఫ్రేములు పక్కకి ఊగకుండా పట్టే ఏర్పాటు. దాని క్రాస్ రాడ్లు ఎక్కడెక్కడ వస్తాయో ఇప్పుడే అడుగు, లేదంటే ఎరెక్షన్ రోజు, అదే ఫ్రేములు నిలబెట్టే రోజు, కొత్త మోడల్ కారు పెట్టాల్సిన అద్దానికి అడ్డంగా ఇంటూ మార్కులాగా కనిపిస్తుంది. ముందు వైపు క్రాస్ రాడ్లు లేకుండా పోర్టల్ ఫ్రేములాగా, అంటే కాలమ్‌లూ పైబీమూ గట్టిగా కలిపి చేయించు, కాస్త బరువు పెరుగుతుంది, పెరగనీ.

నీ సైటు హైవేకి తూర్పు వైపు కదా, అంటే షోరూం మొహం పడమటికి. వాస్తు ఆయన ఏమన్నాడో నాకు తెలీదు గానీ మధ్యాహ్నం మూడు దాటాక ఎండ అద్దంలోంచి నేరుగా లోపలికి వచ్చేస్తుంది, ఆ టైముకి సూర్యుడు కిందకి దిగుతాడు కాబట్టి పైన కానోపీ ఎంత పొడుగేసినా పెద్దగా ఆగదు. వేడి ఆపే డబుల్ గ్లాస్ వేయించు, ఎండ ఆపే నిలువు పలకలు, ఫిన్నులు కూడా పెట్టించు. ఫిన్నులకి కంపెనీ వాళ్ళ బ్రాండింగ్ మాన్యువల్ ఒప్పుకోదేమో ముందే కనుక్కో, వాళ్ళ టైలూ వాళ్ళ రంగూ వాళ్ళ బోర్డు ఎత్తూ అన్నీ అందులో రాసి ఉంటాయి, ఫ్రేము చేయించాక చూస్తే లాభం లేదు.

ఇక భూమి. మనది నల్లరేగడి, వానకి ఉబ్బుతుంది ఎండకి నెర్రెలిస్తుంది. సాయిల్ టెస్ట్‌లో మోసే బలం ఒక్కటే చూసి వదిలేస్తారు, ఉబ్బే గుణం ఎంతో కూడా టెస్ట్ చేయించు. అండర్ రీమ్డ్ పైల్స్, అదే అడుగున గడ్డలా వెడల్పు చేసిన పునాది స్తంభాలు అంటే బావగారు ఖర్చు ఎక్కువంటారు, కానీ స్టీలు బిల్డింగ్ తేలిక, గాలికి పునాదే పైకి లేచే లోడు వస్తుంది, కింద గడ్డలా వెడల్పున్న పైలు దాన్ని బాగా పట్టుకుంటుంది. ఫ్లోరింగ్ కింద కూడా రేగడి తీయించి గ్రావెల్ పోయించి రోలింగ్ చేయించు, లేకపోతే రెండు వానాకాలాలకి షోరూం టైల్స్ లేస్తాయి. వర్క్‌షాప్‌లో కార్లు పైకెత్తే టూ పోస్ట్ లిఫ్టులు వచ్చే చోట స్లాబు మందం, కాంక్రీట్ గ్రేడు లిఫ్టు అమ్మేవాడి డ్రాయింగ్‌లోవే వేయించు, మేస్త్రీ తన అనుభవం చెప్తాడు, విని ఊరుకో. లిఫ్టు మీద ఎస్‌యూవీ పైకెత్తితే పైన పర్లిన్‌కీ లైటుకీ తగలకూడదు, హైటు ఇప్పుడే లెక్క చూసుకో.

పునాదిలో పాతి కాలమ్‌లని పట్టే యాంకర్ బోల్టుల దగ్గర మాత్రం నువ్వే నిలబడు. చెక్క టెంప్లేట్ వద్దు, స్టీలు టెంప్లేట్ ప్లేట్ పెట్టించి, కాంక్రీట్ పోసేముందు సర్వే వాళ్ళ టోటల్ స్టేషన్ యంత్రంతో చూసి, మూల నుంచి మూలకి టేపు కూడా పట్టించు, పోశాక తడి మీద ఉండగానే ఇంకోసారి చూడు. మరలకి గ్రీజు రాసి గోనె చుట్టించు. బోల్టు కాస్త పక్కకి పోతే బేస్ ప్లేట్ రంధ్రాన్ని గ్యాస్ కట్టర్‌తో పెద్దది చేస్తామంటారు, అస్సలు ఒప్పుకోకు, డిజైన్ ఇంజనీరుకి ఫోన్ చెయ్యి.

సరుకు దిగినప్పుడు రేకు మందం మైక్రోమీటర్‌తో కొలువు. 0.5 మిల్లీమీటర్లు అంటే రంగూ పూతా కలిపా, ఉట్టి స్టీలా అని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయి, దీని మీద జరిగే గొడవలు ఇన్నీ అన్నీ కావు. కప్పు కింద ఇన్సులేషన్ వదలకు, ఒంగోలు మే నెల నీకు కొత్తగా చెప్పాలా, పైగా వాన పడితే రేకు చప్పుడుకి కస్టమర్ మాట వినపడదు. నీళ్ళు బిల్డింగ్ మధ్యలోంచి పోయే లోపలి గట్టర్ వద్దే వద్దు, అక్టోబర్ నవంబర్ వానలకి ఆకు అడ్డుపడినా నీళ్ళు షోరూంలోకే.

ఎరెక్షన్ జనవరి నుంచి మే లోపు పెట్టుకో. మొదటి రెండు ఫ్రేములు నిలబెట్టి బ్రేసింగ్ పూర్తిగా బిగించాకే మూడోది ఎత్తాలి. సాయంత్రం అయిపోయిందని బిగించకుండా తాడు కట్టి వదిలేసి వెళ్తామంటే ఆ రోజు డబ్బులు ఆపు. పైకెక్కేవాడికి లైఫ్ లైనూ బెల్టూ లేకపోతే పనే ఆపు.

పర్మిషన్ల సంగతి బావగారు చూస్తున్నారు కాబట్టి ఎక్కువ చెప్పను. హైవే మధ్య నుంచి బిల్డింగ్ లైన్ మామూలుగా 40 మీటర్లు, రోడ్డు మీదికి దారికి హైవే వాళ్ళ పర్మిషన్ వేరే, వాష్ బే నీళ్ళకి ఆయిల్ సెపరేటరూ పొల్యూషన్ బోర్డు అనుమతీ, పెయింట్ బూత్ ఉంది కాబట్టి ఫైర్ ఎన్ఓసీ. ఇవి తేలకుండా ఫ్యాక్టరీకి తయారీ మొదలెట్టమని రిలీజ్ ఇవ్వద్దు, ప్లేట్లు కోశాక బిల్డింగ్‌ని రెండు మీటర్లు వెనక్కి జరపడం అయ్యే పని కాదు.

లోడ్ల కాగితం రాసి ముందు నాకు పంపు, నేను చూసి దిద్ది పంపిస్తా. డ్రాయింగులు వచ్చాక పీడీఎఫ్ పంపు, స్క్రీన్‌కి ఫోటో తీసి పంపకు, నా కళ్ళకి ఆ అంకెలు ఆనట్లేదు.

మామయ్య