తొక్కలో వ్యాపారం

చిరంజీవి కీర్తనకు పెదనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. మామిడి తొక్క నుంచి అల్ట్రాసౌండ్‌తో, తక్కువ యాసిడ్‌తో, తక్కువ సమయంలో పెక్టిన్ (జామ్‌ని గట్టిపరిచే పదార్థం) తీస్తున్నావంటే మా అందరికీ సంతోషమే. అప్పుడే కంపెనీకి పేరు పెట్టి లోగో కూడా గీయించావు. లోగో బాగుంది. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టు.

ముందు తేల్చాల్సింది పేపర్ సంగతి. జర్నల్‌కి పంపబోతున్నామన్నావు, కొన్నాళ్లు ఆగమని మీ మేడమ్‌కి చెప్పు. పేపర్ అచ్చయ్యాక పేటెంట్‌కి వెళితే "ఇందులో కొత్తేముంది, మీరే ఊరంతా చెప్పేశారుగా" అంటారు. చట్టంలో 12 నెలల మినహాయింపు ఉందని ఎవరైనా అనొచ్చు. అది విద్వత్సభల్లో చదివిన పత్రాల్లాంటి కొన్నిటికే, జర్నల్ పేపర్‌కి దాన్ని నమ్ముకోకు. థీసిస్‌లు అందరూ చూసేలా పెట్టే వెబ్‌సైటు శోధ్‌గంగలోకి నీ థీసిస్ ఎక్కినా అంతే. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు పడితే, పూర్తి వివరాలివ్వడానికి 12 నెలల గడువు దొరుకుతుంది. అందులో రాసినంత వరకు పేపర్ కూడా ధైర్యంగా వేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు విద్యాసంస్థలకి 1,600 రూపాయలే, ఏజెంటు ఖర్చు వేరే. మామిడి జీవ వనరు కాబట్టి జీవవైవిధ్య చట్టం నీకు వర్తిస్తుందేమో కూడా ఏజెంటునే అడుగు. ఆ చట్టాన్ని చూసే జాతీయ ప్రాధికార సంస్థ ఆఫీసు, మన పేటెంట్ ఆఫీసు రెండూ చెన్నైలోనే ఉన్నాయి.

ఆవిష్కర్తల పేర్లలో నిజంగా బుర్ర పెట్టినవాళ్లే ఉండాలి. మొహమాటానికి హెచ్ఓడీ గారిని చేర్చితే రేపు తలనొప్పి. హక్కు యూనివర్సిటీదైతే నీ కంపెనీ లైసెన్స్ తీసుకోవాలి. ముందుగా పెద్ద మొత్తం కట్టే షరతుకి ఒప్పుకోకు, అమ్మకాల మీద రాయల్టీ అడుగు.

ఇక అసలు విషయం. నువ్వు ల్యాబులో వాడిన తొక్క ఎలాంటిది? కాయ కడిగి, కత్తితో చెక్కి, ఫ్రీజర్లో దాచుకున్నది. గుజ్జు ఫ్యాక్టరీలో పల్పర్ (గుజ్జు తీసే యంత్రం) నుంచి పడేది అలా ఉండదు. పీచు, టెంక ముక్కలు, మిగిలిన గుజ్జు, అన్నీ కలిసి జారుడు ముద్దగా వస్తుంది. ఎండలో కుప్ప పడితే సాయంత్రానికే పులిసిన వాసన, మీద ఈగలు. తొక్కలో ఉన్న ఎంజైములూ, మీద చేరిన సూక్ష్మజీవులూ కలిసి నీకు కావాల్సిన పెక్టిన్‌నే తినేస్తుంటాయి. పండు బరువులో తొక్క 15 నుంచి 20 శాతం ఉంటుంది. అంటే 100 టన్నుల కాయ ఆడిన రోజు 15 టన్నులకి తక్కువ కాకుండా తొక్క, అందులోనూ ఎక్కువ భాగం నీళ్లే. నీ బీకరు దాన్ని ఎప్పటికి మింగాలి?

అందుకే నన్నడిగితే మొదటి సీజన్లో పెక్టిన్ జోలికే పోకు. తొక్క చెడకుండా ఆపడం నేర్చుకో. పడిన గంటల్లోనే ఆవిరి పట్టించి, కడిగి, ఎండబెట్టాలి. సీజన్లో ఫ్యాక్టరీ వాళ్ల బాయిలర్ ఎలాగూ నడుస్తుంటుంది, కొంచెం ఆవిరి అడిగి చూడు. ఎండు తొక్క చేతిలో ఉంటే, గుజ్జుకి వాడే తోతాపురి మామిడి అయిపోయాక కూడా నీ పని నడుస్తుంది. లేదంటే ఏడాదికి రెండు మూడు నెలలే వ్యాపారం, మిగతా కాలం అద్దె. పెక్టిన్ తయారీదార్లు నిమ్మజాతి పండ్ల తొక్కని ఎక్కువగా ఎండబెట్టిందే కొంటారు. మామిడి తొక్కకీ అలాంటి కొనుగోలుదారు ఒక్కడు దొరికినా నీ లెక్క మారిపోతుంది.

ఇంకో సంగతి మీ ల్యాబులో ఎవరూ చెప్పరు. నీ ముడిసరుకు రైతు చేతిలో లేదు, గుజ్జు అమ్మకాల చేతిలో ఉంది. 2025లో తోతాపురి కాయకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి కిలోకి 12 అన్నా ఇక్కడ ట్రాక్టర్లు బారులు తీరి నిలబడ్డాయి. గుజ్జు డ్రమ్ములు గోడౌన్లో మూలుగుతుంటే ఓనరు కొత్తగా కాయ దించుకోడు. అలాంటి ఏడాది నీ తొక్క కూడా సగానికి పడిపోతుంది. ఒక్క ఫ్యాక్టరీతో ఒప్పందం చేసుకుని కూర్చోకు.

తర్వాత పెక్టిన్‌కి వచ్చినప్పుడు, జామ్ ఫ్యాక్టరీవాడు అడిగేది నీ పద్ధతి ఎంత కొత్తదని కాదు. "150 గ్రేడ్ ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుందా?" అంటాడు. అంటే ఒక వంతు పెక్టిన్ 150 వంతుల చక్కెరను జెల్లీగా నిలబెట్టాలి, ఈసారీ వచ్చేసారీ. కాయ పక్వాన్ని బట్టి నీ తొక్క మారుతుంది, జాగ్రత్త. పెక్టిన్‌ని ద్రావణం నుంచి విడదీయడానికి వాడే ఆల్కహాల్‌ని తిరిగి పట్టుకోకపోతే ఖర్చు నెత్తిన కూర్చుంటుంది. ఇథనాల్ అయితే ఎక్సైజ్ అనుమతుల గొడవ కూడా ఉంది.

డబ్బు గురించి టెన్షన్ పడ్డావు గానీ, నమూనా యంత్రానికి కేంద్ర ప్రభుత్వ పథకం నిధి-ప్రయాస్ 10 లక్షల దాకా, బయోటెక్ స్టార్టప్‌లకి సాయం చేసే ప్రభుత్వ సంస్థ బైరాక్ వాళ్ల బిగ్ గ్రాంటు 50 లక్షల దాకా ఇస్తాయి. తిరుపతి మహిళా యూనివర్సిటీలో బయోనెస్ట్ (బయోటెక్ స్టార్టప్‌లకి ఆసరా ఇచ్చే కేంద్రం) ఉంది, ముందు అక్కడికెళ్లు. ఏర్పేడు ఐఐటీలోని స్టార్టప్ కేంద్రం ఐ-హబ్ దృష్టి పొజిషనింగ్ (స్థానం గుర్తించే) టెక్నాలజీల మీద, నీకంతగా పనికిరాదు. కంపెనీ రిజిస్ట్రేషన్‌కి మాత్రం తొందరపడకు. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌కి దరఖాస్తు నాటికి కంపెనీకి రెండేళ్లు మించకూడదన్నారు. ఇలాంటి షరతులున్నప్పుడు ఖాళీ కంపెనీ వయసు పెంచుకోవడం దేనికి? నీ ఫ్రెండ్‌కి వాటా ఇస్తే నాలుగేళ్లలో విడతలుగా వచ్చేలా రాసుకో. ఉద్యోగం దొరికి మధ్యలో వెళ్లిపోతే గొడవ ఉండదు.

జూన్‌లో తోతాపురి జోరుగా దిగుతుంది, అప్పుడు రా. గుడిపాల వైపు ఫ్యాక్టరీలో నాకు తెలిసిన సూపర్‌వైజర్ ఉన్నాడు, రాత్రి షిఫ్టులో నిన్ను పల్పర్ దగ్గర నిలబెట్టమంటాను. చెప్పులతో రావద్దు, నేలంతా జారుడు. ఈలోగా యూనివర్సిటీ వాళ్లు లైసెన్స్ కాగితం ఏదైనా ఇస్తే, సంతకం పెట్టకముందే ఫోటో తీసి నాకు పంపు.

పెదనాన్న,
చిత్తూరు