1997లో అంత ఎల్‌నినో ఉన్నా వానలు ఎలా పడ్డాయి?

ఎల్‌నినో (భూమధ్యరేఖ దగ్గర పసిఫిక్ నీరు మామూలుకన్నా వేడెక్కడం) బలాన్నీ మన వానలనూ ఏడాదివారీగా పక్కపక్కన పెట్టిన మీ పట్టిక చూశాను. ఎల్‌నినో విజృంభించిన 1997లో దేశంలో నైరుతి వానలు సగటులో 102 శాతం పడ్డాయి, అంతకన్నా నీరసంగా ఉన్న 2002లో 19 శాతం తగ్గాయి, కాబట్టి ఎల్‌నినో వస్తే వానలు తగ్గుతాయన్న సిద్ధాంతమే తప్పా అన్నది మీ సందేహం. సిద్ధాంతంలో తప్పు లేదు. పసిఫిక్‌లో ఒక్క పట్టీ వేడిని చెప్పే నినో 3.4 సూచీనే పట్టుకుని లెక్క వేయడంలోనే చిక్కంతా ఉంది.

సముద్రం ఎంత వేడెక్కిందన్నది ఒకటే చాలదు, ఎక్కడ వేడెక్కిందో చూడాలి. 1997లో వేడి ఎక్కువగా పెరూ వైపు పేరుకుంది. 2002లో పసిఫిక్ నడిమధ్యన, అంతర్జాతీయ దినరేఖ దరిదాపుల్లో ఉంది. వేడి నీటి మీద పైకి లేచిన గాలి ఇంకెక్కడో కిందికి దిగాలి కదా. నడి పసిఫిక్‌లో లేచినప్పుడు ఆ దిగుడు మన నెత్తిన పడుతుంది, మేఘం కట్టదు. 2002 జూలైలో దేశానికి రావలసిన వానలో దాదాపు సగమే వచ్చింది.

రెండోది హిందూ మహాసముద్రం. 1997లో సుమత్రా వైపు నీరు చల్లబడి, ఆఫ్రికా వైపు వేడెక్కింది. ఈ తూర్పు-పడమర తేడా (డైపోల్) మనకు కొంత కాపు కాసిందంటారు. ఇండోనేసియాకు మాత్రం కరవూ కార్చిచ్చులూ, తూర్పు ఆఫ్రికాకు వరదలూ మిగిలాయి.

నినో 3 (తూర్పు పసిఫిక్ వేడి), నినో 4 (నడి పసిఫిక్ వేడి), డైపోల్ సూచీలకు మూడు నిలువు వరుసలు చేర్చండి. ఎల్‌నినో డిసెంబరులో చేరే గరిష్ఠం వద్దు, మన వానకాలమైన జూన్ నుంచి సెప్టెంబరు సగటు తీసుకోండి. నెల్లూరును మాత్రం విడిగా పెట్టండి. అక్కడ ప్రధానం ఈశాన్య రుతుపవనాలు, ఎల్‌నినో వాటికి చాలాసార్లు బలమే ఇస్తుంది. నెల్లూరులో 2015 నవంబరు వరదలు వచ్చింది ఎల్‌నినో ఏడాదిలోనే.