తొమ్మిదో తరగతి అల్లరికి కౌన్సెలింగ్ మందా?

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. మా తొమ్మిదో తరగతిలో ఆరుగురు విద్యార్థులు ఎదురు మాట్లాడుతూ, తోటివారిని ఏడిపిస్తూ, తరగతులు ఎగ్గొడుతున్నారు. వారందరినీ కలిపి వారానికోసారి కౌన్సెలింగ్‌కు పంపుదామని ప్రధానోపాధ్యాయులు అంటున్నారు. ప్రయోజనం ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కాని ఆరుగురినీ ఒకేచోట కూర్చోబెట్టే ఆలోచనను ముందుగా విరమించుకోండి. దుడుకు ప్రవర్తన గల కౌమార వయస్కులనే ఒక జట్టుగా చేర్చినప్పుడు, ఒకరు చెప్పుకునే ఘనకార్యాలకు మిగిలినవారి నవ్వులే ప్రోత్సాహమై పరిస్థితి మరింత దిగజారవచ్చునని థామస్ డిషియన్ తదితర పరిశోధకులు 1999లోనే హెచ్చరించారు. విడివిడిగా మాట్లాడించడమే మేలు.

కౌన్సెలింగ్ పేరిట పాఠశాలల్లో తరచుగా జరిగేది తలుపు వేసి చేసే మందలింపే. పాఠం బిగ్గరగా చదవమన్న ప్రతిసారీ ఏదో ఒక జోకు వేసి, తరగతినంతా నవ్వించి, చివరకు బయటికి పొమ్మనిపించుకునే కుర్రవాణ్ణి గమనించండి. చదవడంలో తడబడతానన్న సంగతి నలుగురిలో బయటపడకుండా గట్టెక్కాడు కనుక, మనం శిక్ష అనుకున్నది అతనికి విడుదల అయింది. అల్లరికి ముందు ఏం జరిగింది, తరువాత అతనికి ఏం దక్కింది అని విచారించే కౌన్సెలర్‌కు ఈ ముడి దొరుకుతుంది. 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ (ఆలోచనలను సరిదిద్దే చికిత్స) పద్ధతిని అనుసరించేవారు ఇంకొంచెం లోతుకు వెళ్లి, ‘తప్పు చదివితే అందరూ నన్ను మొద్దు అనుకుంటారు’ అన్న తలంపును అతని నోటనే పలికించి, అది ఎంతవరకు నిజమో అతనిచేతనే పరీక్షింపజేస్తారు. దానితోపాటు చదవడంలో విడిగా సాయం అందాలి. అది లేకుండా ఎన్ని మాటలు చెప్పినా జోకులు ఆగవు.

‘నీ కోపం మీద నీకున్న పట్టు పదింట ఎంత?’ అని అడిగి, మూడు అంటే, ‘సున్నా ఎందుకు కాలేదు?’ అని అడగడం మరో మంచి పద్ధతి. తిట్లకు సిద్ధపడి వచ్చిన పిల్లవాడు తాను నిగ్రహించుకున్న ఒక సందర్భాన్ని గుర్తు చేసుకోవలసి వస్తుంది.

అందరి ఎదుట పేరు పిలిచి పంపకండి. చెప్పిన మాటలు గోప్యంగా ఉంటాయని, ప్రాణహాని లేదా వేధింపు సంగతి వస్తే మాత్రం పెద్దలకు తెలపక తప్పదని కౌన్సెలర్ మొదటి రోజే చెప్పాలి. ఆరంభించే ముందు రెండు వారాలపాటు ఏ పీరియడ్‌లో ఎన్నిసార్లు గొడవ జరిగిందో మీరు ఒక పుస్తకంలో రాసి ఉంచండి. రెండు నెలల తరువాత మార్పు వచ్చిందో లేదో ఆ లెక్కతో పోల్చి చూడవచ్చు.