యుద్ధంలో కాలు పోయిన తాతయ్యకి ఈ వయసులో ప్రభుత్వం కొత్త కాలు ఇస్తుందా?

ఇస్తుందండీ. మీ తాతగారికి 1971 యుద్ధంలో కాలు పోయిందని, ఇన్నాళ్ళూ వాడిన పెట్టుడు కాలు ఈమధ్య పాదం దగ్గర విరిగిందని, "డెబ్బై దాటాక కాలెందుకిస్తారు" అని ఊళ్ళో ఎవరో అన్నారని రాశారు. ఆ అన్నాయనకి తెలీదు. వయసుకీ దీనికీ సంబంధం లేదు. నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలో ఇంజినీర్ల దళంలో చేశాను. ఆపరేషన్ పరాక్రమ్ టైములో, అంటే పాకిస్తాన్ సరిహద్దుకి సైన్యాన్ని తరలించినప్పుడు, 2002లో, రాజస్థాన్ బోర్డర్లో మేం పాతిన మైన్లు మేమే తీస్తుంటే ఎడమకాలు మోకాలి కింద పోయింది. ఇసుక కదిలి మైను మ్యాపులో గుర్తు పెట్టిన చోటు నుంచి జరిగింది, అంతే. ఇప్పుడు తొడుక్కుంటున్నది నాలుగోది. ఒక్కదానికీ రూపాయి కట్టలేదు.

వెళ్ళాల్సింది పూణేలో ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌కి. రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోయిన సిపాయిల కోసం 1944లో పెట్టారు దాన్ని. రాజమండ్రిలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎక్కడా మారకుండా పూణేలో దిగొచ్చు. పెద్దాయన కదా, లోయర్ బెర్తు దొరికితేనే బయల్దేరండి. రైల్లో కాలు విప్పి పడుకోవాలి, మళ్ళీ బాత్రూముకి లేవాలంటే తొడుక్కోవాలి.

డిశ్చార్జి బుక్కు, పీపీవో (పెన్షన్ ఆర్డరు), మెడికల్ బోర్డు కాగితం, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు దగ్గరుంచుకోండి. కార్డు తీసుకోకపోతే ముందు ఆ పని చూడండి. 1996కి ముందు పెన్షన్ మీద వచ్చేసిన వాళ్ళకి సభ్యత్వ రుసుం లేదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెప్తారు. ఇంకో మాట. నా రెండో కాలు మార్చేటప్పుడు ఒక ఆఫీసులో గుమాస్తా "నడుచుకుంటూనే వచ్చారుగా, కాలు బానే ఉందిగా" అని ఫైలు వెనక్కి తోశాడు. కాలు విప్పి ఆయన బల్ల మీద పెట్టాను. సాకెట్టు, అంటే మన మొండికాలు దూరే గిన్నె, అంచు పగిలి, లోపల అంటించిన ప్లాస్టరు ముక్క మీద రక్తం మరక కనబడింది. అప్పుడు కదిలింది ఫైలు. మీకంత దాకా రాకుండా, కాలు మార్చాలని డాక్టరు చేత ముందే రాయించుకోండి.

ఇక అసలు సంగతి. కాలు రావడం కష్టం కాదు, అది సరిగ్గా కూర్చోవడం కష్టం. మధ్యలో ఒకసారి పూణే దాకా ఎందుకులే అని ఇక్కడే ఒక క్యాంపులో తీసుకున్నాను. పొద్దున కొలత, సాయంత్రానికి కాలు. మూడో రోజుకి పుండు. అక్కడిచ్చిన జైపూర్ పాదాన్ని తప్పుపట్టడం లేదు. 1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ గారు, డాక్టర్ సేథీ గారు దాన్ని చేసిందే మనలాగా గొంతుక్కూర్చునే వాళ్ళ కోసం, చెప్పుల్లేకుండా తిరిగే వాళ్ళ కోసం. నాకు తేడా వచ్చింది సాకెట్టుతో.

పూణేలో మొండికాలికి పల్చటి మేజోడు తొడిగి, ఎముక తగిలే చోట్లన్నీ కాపీయింగ్ పెన్సిలుతో గుర్తు పెట్టి, తడి ప్లాస్టరు పట్టీ చుట్టారు. అది గట్టిపడేలోపు ఆ పనిచేసే హవల్దారు రెండు బొటనవేళ్ళతో మోకాలి చిప్ప కింద నొక్కి పట్టుకున్నాడు. ఒంటి బరువులో పెద్ద వాటా అక్కడ పడాలి, ఎముక కొస మీద పడకూడదు. ఆ అచ్చుని బట్టి సాకెట్టు చేసి, నడిపించి చూసి, మళ్ళీ గీకి, మళ్ళీ నడిపిస్తారు. పదిరోజులకే ఇంటి మీద బెంగ పుడుతుంది. తాతగారు "బానే ఉందిలే, పోదాం" అంటారు చూడండి, అప్పుడు మీరు ఒప్పుకోకండి. సాయంత్రం కాలు విప్పాక కింద అద్దం పెట్టి వెనక వైపు కూడా చూడండి. ఎర్రబడిన చోటు కాసేపటికి మామూలు రంగుకి రావాలి. రాకపోతే మర్నాడు మళ్ళీ చూపించండి. షుగరుంటే ఈ పని రోజూ చెయ్యాలి, ఎందుకంటే నొప్పి తెలీదు.

ఇంటికొచ్చాక మన కోనసీమ సంగతి వేరు. పూణేలో సిమెంటు మీద నడిచిన కాలు ఇక్కడ చేను గట్టు మీద, బోదె దాటేటప్పుడు, తడిసిన కొబ్బరిమట్ట మీద నడవాలి. బురదలో కాలు దిగి లాగితే మొండికాలు బయటికొచ్చేస్తుంది, కాలు మాత్రం చేలోనే నిలబడి ఉంటుంది. మొదటిసారి అలా అయినప్పుడు మా కూలీలు నవ్వాలో వద్దో తెలీక నా మొహం వంక చూశారు. నేనే ముందు నవ్వాను. అందుకే నా పాత కాలు పారెయ్యలేదు, పొలానికి అదే. దాని రబ్బరు పాదం ఇప్పటికి రెండుసార్లు మార్పించాను. ఎండాకాలంలో మేజోడు చెమటకి నాని పిండితే నీళ్ళు కారతాయి. మధ్యాహ్నం ఒకసారి విప్పి, తుడిచి, పొడి మేజోడు వెయ్యాలి.

విరిగిన కాలు కూడా సంచిలో పెట్టి పూణే తీసుకెళ్ళండి. అరిగిన తీరు చూసి ఆయన ఎటు బరువేసి నడుస్తున్నారో వాళ్ళు పట్టేస్తారు. తాతగారికి కాలు మోకాలి కింద పోయిందా, పైనా అన్నది మీరు రాయలేదు. పైన అయితే మోకాలి కీలు కూడా పెట్టాలి, నడక మళ్ళీ నేర్చుకోవాలి, నేను చెప్పిన వాటిలో సగం ఆయనకి వర్తించవు. అది చెప్పండి, నాతోపాటు పూణేలో ఉన్న అలాంటి మనిషి ఒకాయన రావులపాలెం వైపే ఉన్నాడు, అడిగి రాస్తాను.